ఆపరేషను బల్ల మీది చలి – దాని చరిత్ర

కోనసీమలో చలిని గురించి వ్యాసము వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. సంక్రాంతికి ముందు నాలుగు వారములు తెల్లవారుజామున కొబ్బరితోటల మీద మంచు దిగును, పెద్దలు దుప్పటి కప్పుకొని అరుగు మీద కూర్చుందురు, అంతటితో మన చలికాలము ముగియును. అయినను నడివేసవిలో, రోహిణి కార్తెలో సైతము, పళ్ళు పటపట కొట్టుకొనునంతగా మనుష్యులు వణకు చోటు ఒకటి ఈ సీమలో కలదు. అది ఆపరేషను గది నుండి రోగిని తెచ్చి పరుండబెట్టు వార్డు.

సిజేరియను కానీ, హెర్నియా కానీ, వరిబీజము కానీ, గర్భసంచి తీయుట కానీ, ఏదో ఒక ఆపరేషను జరుగని కుటుంబము నేడు మన సంఘములలో అరుదు. స్ట్రెచ్చరు బయటికి రాగానే చుట్టు మూగిన బంధువులు మొదట అడుగు ప్రశ్న అందరికీ తెలిసినదే. "ఏవండీ సిస్టరుగారూ, మా అమ్మాయి అలా వణికిపోతందేంటండీ?" అని అడుగుదురు. "ఆయ్, మత్తుకి అలాగే ఉంటదండీ, కంగారు పడకండి, తగ్గిపోద్ది" అని జవాబు వచ్చును. ఈ జవాబు అబద్ధము కాదు. కాని అది సగము మాత్రమే. మిగిలిన సగము తెలిసికొనుటకు వైద్యలోకమునకు సరిగా నూట యేబది సంవత్సరములు పట్టినది. ఆ కథలో మన తెలుగునాటి పేర్లు కూడ కొన్ని ఉన్నవి గనుక, వైద్య సేవతో ఇంత అనుబంధముగల మన సంఘముల వారు దానిని తెలిసికొనదగునని మేము తలంచుచున్నాము.

మనిషి ఒంటి వేడిని కొలుచుటయే వైద్యములో చాల ఆలస్యముగా వచ్చిన అలవాటు. చేతితో నుదురు ముట్టి చూచుటే వేల సంవత్సరములు నడచినది. జర్మనీలోని లైప్‌జిగ్ నగరములో కార్ల్ వుండర్‌లిక్ అను వైద్యుడు వేలాది రోగుల వేడిని ఓపికతో కొలిచి, 1868లో ఒక గ్రంథము ప్రకటించినాడు. ఆరోగ్యవంతుని వేడి 37 డిగ్రీల సెల్సియస్, అనగా మన ఇండ్లలోని పాదరసపు కడ్డీ లెక్కలో 98.6 అని లోకము నేర్చుకొన్నది ఆయన వలననే. అంతకు ఒకటి రెండు సంవత్సరముల ముందు ఇంగ్లండులో క్లిఫర్డ్ ఆల్బట్ అను వైద్యుడు జేబులో పట్టు చిన్న థర్మామీటరును తయారు చేయించినాడు. అంతకు ముందున్నవి మూరెడు పొడవుండి, లెక్క చూపుటకు ఇరువది నిమిషములు పట్టేవి. కాని థర్మామీటరు వచ్చిన తరువాత కూడ అందరి దృష్టి జ్వరము మీదనే నిలిచినది. వేడి పెరిగినదా అని చూచువారే గాని, తగ్గినదా అని చూచువారు లేరు. మన ఇండ్లలో నేటికిని అంతే గదా. థర్మామీటరు తీసి "జ్వరం లేదు" అని విదిలించి పెట్టెలో పెట్టుదుము. తొంబది అయిదు చూపినను "జ్వరం లేదు" అనియే అందుము.

మత్తుమందు కథ ఇంకొక వైపు నుండి వచ్చినది. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరములో మార్టన్ అను పళ్ళ వైద్యుడు ఈథరు పీల్పించి, రోగి నొప్పి యెరుగకుండ ఆపరేషను చేయించినాడు. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో సింప్సన్ గారు క్లోరోఫారమును ప్రవేశపెట్టినారు. మన దేశములో క్లోరోఫారము త్వరగా వ్యాపించినది. దానితో పాటు ఒక భయము కూడ వ్యాపించినది. మత్తులోకి పోయిన రోగి కొన్నిసార్లు తిరిగి లేచుట లేదు. చంపునది గుండెయా, ఊపిరియా అని లోకమంతట వాదము నడచినది.

ఆ వాదమునకు తీర్పు చెప్పవలెనని పూనుకొన్నది మన హైదరాబాదు. అచ్చటి అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో పెద్ద వైద్యుడగు ఎడ్వర్డ్ లారీ గారు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను గారి ధనసహాయముతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారము కమీషనులు నడిపినారు. రెండవ దానికి లండను నుండి లాడర్ బ్రంటన్ గారిని రప్పించినారు. వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగునది ఊపిరియే, గుండె కాదు, కనుక ఊపిరిని కనిపెట్టుకొనియున్న చాలునని తేల్చినారు. ఈ తీర్పు పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారము గుండెను నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అను ఆంగ్ల వైద్యుడు నిరూపించినాడు. ఆ రోజులలోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, రోగులకు క్లోరోఫారము ఇచ్చు పనిలో పేరు పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ గారిని ప్రపంచములోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని నేడు చాలమంది చెప్పుచున్నారు. ఇది తెలుగునేలకు గర్వకారణమే. మన విషయమునకు మాత్రము కావలసినది వేరు. ఆ పెద్ద వాదమంతయు ఊపిరి, నాడి, ఈ రెండింటి చుట్టునే తిరిగినది. మత్తులో ఉన్న దేహము చల్లబడుట ఎవరికిని పెద్ద ప్రశ్నగా తోచలేదు.

మన డెల్టాకు పాశ్చాత్య వైద్యము ఎక్కువ భాగము మిషనుల ద్వారా వచ్చినది. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారి వెంట ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గార్లు నరసాపురమున స్థిరపడి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసినారు. తరువాతి కాలములో అచ్చట క్రిస్టియన్ ఆసుపత్రి వెలసినది. రాజోలు ప్రాంతము వారు సఖినేటిపల్లి రేవులో వశిష్ఠ దాటి ఆ ఆసుపత్రికి పోయెడివారు. గుంటూరులో 1883లో అడుగుపెట్టిన డాక్టరు అన్నా కుగ్లర్ గారు 1898లో ఆసుపత్రి తెరచినారు. రాజమండ్రిలో లూథరన్ మిషను, పిఠాపురములో కెనడియన్ బాప్టిస్టు మిషను ఆసుపత్రులు నడపినవి. ఈ ఆసుపత్రుల సేవను గురించి మన సావనీరులలో ఇదివరకే అనేకులు వ్రాసియున్నారు గనుక మేము విస్తరింపము. ఒక్క సంగతి మాత్రము గుర్తుంచుకొనవలెను. ఆ నాటి ఆపరేషను గదులకు ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉండేవి. చల్లని యంత్రములు లేవు. మన వేసవిలో ఆ గదిలో వైద్యులకే చెమట ధారలు కారేవి. రోగి మత్తులో కొంత చల్లబడినను, గది అతనిని మరింత చల్లబడనిచ్చేది కాదు.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 1970లో మోరిస్, విల్కీ అను ఇద్దరు అమెరికా వైద్యులు ఆపరేషను గది వేడికి, రోగి ఒంటి వేడికి గల సంబంధమును కొలిచి చూచినారు. గది సుమారు 21 డిగ్రీలకంటె చల్లగా ఉన్నచో రోగులు చల్లబడుచుండిరి. అంతకంటె వెచ్చగా ఉన్న గదిలో చాలమంది నిలదొక్కుకొనుచుండిరి. అనగా ఈ చలి మన ప్రాంతమునకు చాలవరకు ఏ.సి. యంత్రముతో వచ్చినది. దానిని తప్పు పట్టుటకు వీలులేదు. నాలుగు పొరల గౌను, టోపీ, ముసుగు, రబ్బరు తొడుగులు ధరించి మూడు గంటలు నిలబడు సర్జనుగారి చెమట రోగి గాయములో పడకుండుటకు ఆ యంత్రము అవసరమే. కాని దాని క్రింద పలుచని బట్టతో, చర్మమునకు స్పిరిటు రాయించుకొని, పొట్ట తెరచుకొని పడియున్నది రోగి.

ఇక దేహము ఎట్లు చల్లబడునో చెప్పవలెను. దీనికి కోనసీమ వారికి చెప్పినంత సులువుగా ఇతరులకు చెప్పుట కష్టము. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తియైనది. అచ్చట నిలిచిన నీరు బొబ్బర్లంక తూము గుండా మన మధ్య డెల్టాలోకి దిగి, లొల్ల లాకుల వద్ద పాయలుగా చీలి పోవునని చిన్నపిల్లలకు కూడ తెలియును. నీరు తక్కువైన సంవత్సరము లాకుల తలుపులు దించి పైనున్న మట్టమును కాపాడుదురు. క్రిందనున్న చేలు కొంత ఎండినను ఓర్చుకొందురు.

దేహము చేయునది అదియే. గుండె, మెదడు, కాలేయము, ఇవి పైనున్న జలాశయము. చేతులు, కాళ్ళు, చర్మము, ఇవి శివారు భూములు. చలి తగిలినప్పుడు దేహము చేతులకు, కాళ్ళకు పోవు రక్తనాళములను బిగించి, లోపలి వేడిని కాపాడుకొనును. అందుచేతనే చలిలో చేతులు చల్లగా ఉండి ఛాతీ వెచ్చగా ఉండును. మత్తుమందు ఇచ్చిన నిమిషమున ఈ లాకుల తలుపులన్నియు ఒక్కసారిగా పైకి లేచును. లోపలి వెచ్చని రక్తము చల్లని కాళ్ళలోకి, చేతులలోకి పరుగెత్తును. మొదటి గంటలోనే లోపలి వేడి ఒకటి, ఒకటిన్నర డిగ్రీల వరకు పడిపోవును. గమనింపుడు, ఈ వేడిలో ఎక్కువ భాగము దేహము విడిచి ఎక్కడికిని పోలేదు. నీరు సముద్రములో కలియలేదు, శివారుకు మాత్రము పోయినది. అయినను పైనున్న మట్టము పడిపోయినది. ఆ తరువాతనే అసలైన నష్టము మొదలగును. తెరచిన పొట్ట నుండి, చల్లని గాలికి, గది చల్లదనమున్న సెలైను సీసాల వలన వేడి నిజముగా బయటికి పోవును. మామూలు వేళ లోపలి వేడి అర డిగ్రీ తగ్గక మునుపే దేహము మేల్కొని ఎదుర్కొనును. మత్తులో అది రెండు మూడు డిగ్రీలు తగ్గు వరకు నిద్రపోవును.

ఈ తగ్గుదలను స్వల్పమని వైద్యులు పేరు పెట్టినారు. 36 కంటె తక్కువై 34 వరకు ఉన్నది స్వల్పము. ఈ స్వల్పమను మాటయే చాల కాలము మోసము చేసినది. దానికి ఒక కారణము కూడ ఉన్నది. 1950 నుండి కెనడాలో బిగెలో గారు, తరువాత అమెరికాలో ఇతరులు, దేహమును కావలెనని చల్లబరచి గుండె ఆపరేషను చేయుట నేర్చినారు. చల్లబడిన దేహమునకు ప్రాణవాయువు తక్కువ చాలును గనుక, రక్తప్రసారము కొన్ని నిమిషములు ఆపినను మెదడు నిలుచును. 1952 సెప్టెంబరు 2న మినియాపోలిస్ నగరములో జాన్ లూయిస్ గారు అయిదు సంవత్సరముల బాలికను 28 డిగ్రీల వరకు చల్లబరచి, గుండె తెరచి, అందులోని రంధ్రమును కుట్టినారు. ఆపరేషను ముగిసిన తరువాత ఆమెను తిరిగి వెచ్చబరచినది పశువులు నీరు త్రాగు తొట్టివంటి తొట్టిలో గోరువెచ్చని నీరు పోసి! అంత చలిని మనిషి తట్టుకొనగా, 35 డిగ్రీలు ఒక లెక్కయా అని వైద్యలోకము తలచుట సహజమే. చలి గుండె సర్జనుగారికి మిత్రుడైన ఆ కాలములో, హెర్నియా రోగికి శత్రువని ఎవరు నమ్ముదురు?

నమ్మించినది 1996. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఆండ్రియా కుర్జ్, డానియల్ సెస్లర్, రైనర్ లెన్‌హార్ట్ అను ముగ్గురు వైద్యులు పెద్ద ప్రేగు ఆపరేషను చేయించుకొను 200 మందిని రెండు గుంపులు చేసినారు. ఒక గుంపును ఆపరేషను పొడుగునా వెచ్చగా ఉంచినారు. రెండవ గుంపుకు ఆ నాటి మామూలు పద్ధతియే నడచినది. ఆపరేషను చివర మొదటివారి సగటు వేడి 36.6, రెండవవారిది 34.7. తేడా రెండు డిగ్రీలు కూడ లేదు. తరువాత గాయములను చూడగా, వెచ్చగా ఉంచిన 104 మందిలో 6గురికి చీము పట్టినది. చల్లబడిన 96 మందిలో 18 మందికి పట్టినది. చల్లబడినవారు ఆసుపత్రిలో సగటున 2.6 రోజులు ఎక్కువగా ఉండవలసి వచ్చినది. చల్లబడిన చర్మమునకు రక్తము తక్కువగా చేరును. రక్తము చేరనిచోట సూక్ష్మక్రిములతో పోరాడు తెల్లకణములకు ప్రాణవాయువు చాలదు. ఆపరేషను జరిగిన మొదటి కొన్ని గంటలలోనే గాయము భవిష్యత్తు తేలిపోవునని ఆ పరిశోధన సారాంశము.

రెండున్నర రోజులు అనగా మనకు ఏమిటో ఆలోచింపుడు. కొత్తపేట నుండియో ముమ్మిడివరము నుండియో కాకినాడకు, రాజమండ్రికి పోయిన రోగి వెంట ఒకరు ఉండవలెను. ఆ ఒకరి కూలి పోవును. ఇంట పిల్లలను ప్రక్కింటి పిన్నిగారికి అప్పగింపవలెను. చీము పట్టిన గాయమునకు రోజు విడిచి రోజు కట్టు. బస్సు చార్జీలు. ఇంతటి నష్టమునకు మూలము ఆపరేషను పూట ఒంటి మీద లేని ఒక దుప్పటి అయియుండవచ్చునని ఎవరికి తెలియును?

అదే 1996లో, అదే నగరములో, తుంటి కీలు మార్పిడి చేయించుకొన్న 60 మందిని పరిశీలింపగా, చల్లబడినవారికి సుమారు అర లీటరు రక్తము ఎక్కువగా పోయినది. చల్లని రక్తము సరిగా గడ్డకట్టదు. మరుసటి సంవత్సరము అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, గుండె జబ్బు గల 300 మంది రోగులలో వెచ్చగా ఉంచినవారికి నూటికి 1.4 మందికి, చల్లబడినవారికి నూటికి 6.3 మందికి గుండె సంబంధమైన ఆపదలు వచ్చినవి. కండరములను సడలించు మందులు కూడ చల్లబడిన దేహములో ఎక్కువ సేపు నిలిచిపోవునని అంతకు ముందే తెలిసినది. 2008లో బ్రిటను ప్రభుత్వ వైద్య సంస్థ, అత్యవసరమైతే తప్ప రోగి వేడి 36 లేనిదే మత్తు మొదలు పెట్టరాదని నియమము చేసినది.

మేము ఇచ్చట న్యాయముగా మరొక మాట చెప్పవలెను. 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఎక్కువ భాగము చైనాలో, అయిదువేలకు పైగా రోగులను చూచినారు. కొందరిని 37 వద్ద, కొందరిని 35.5 వద్ద ఉంచినారు. గుండె ఆపదలలోగాని, చీము పట్టుటలోగాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక 37 చేరలేదని కంగారు పడనక్కరలేదు. అయితే 35.5 కంటె క్రిందికి పోయినను ఫరవాలేదని ఆ పరిశోధన చెప్పలేదు. వియన్నాలో చీము పట్టినవారి గుంపు 34.7 వద్ద ఉన్నది గదా.

చలికి ప్రాణము తీయు శక్తి కలదని మన సీమకు వేరే వైద్యులు చెప్పనక్కరలేదు. ఆ 1996లోనే నవంబరు 6 రాత్రి మన తీరమును తుపాను కొట్టినప్పుడు తడిబట్టలతో తెల్లవార్లు గడపినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. తడి, గాలి, ఆకలి కలిసినచో ఎంత వేడిదేశమైనను మనిషి గడ్డకట్టును.

ఇప్పుడు చల్లబడిన రోగిని తిరిగి వెచ్చబరచుట సంగతి. మన పెద్దలు ఇందులో తెలివితక్కువవారు కారు. బాలింత మంచము క్రింద కుంపటి పెట్టుట, సాంబ్రాణి వేయుట, అరికాళ్ళకు శొంఠిపొడి రుద్దుట, చెవులకు గుడ్డ కట్టుట, ఇవన్నియు వెచ్చబరచు ప్రయత్నములే. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రము విషవాయువును పుట్టించును. దానిని మానుటే మేలు. శొంఠి చర్మమును మండించును గాని లోపలి వేడిని పెంచదు.

దుప్పటి మాట. దావీదు మహారాజు వృద్ధాప్యములో ఎన్ని బట్టలు కప్పినను వేడి పుట్టలేదని రాజుల మొదటి గ్రంథము మొదటి అధ్యాయములో మనము చదువుచున్నాము. వైద్యశాస్త్రము ప్రకారము ఆ మాట అక్షరాల నిజము. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్నదానిని పోకుండ ఆపును. వృద్ధుల దేహము పుట్టించు వేడియే తక్కువ. ఒక పొర దుప్పటి కప్పినచో చర్మము నుండి పోవు వేడిలో సుమారు మూడవ వంతు ఆగును. మూడు పొరలు కప్పినను సగమే ఆగును. కనుక వణకుచున్నవారి మీద అయిదారు రగ్గులు గుట్టగా వేయుటకంటె, తడిసిన గౌను విప్పి, పొడిబట్ట వేసి, తల నుండి పాదముల వరకు ఎక్కడను సందు లేకుండ ఒకటి రెండు పొరలు కప్పుట మేలు. తల సంగతి మనవారు మరచుదురు. పైన ఫ్యాను తిరుగుచుండును, క్రింద రగ్గులుండును.

వేడినీళ్ళ సీసా సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. మా బంధువర్గములో ఒక తల్లికి సిజేరియను జరిగినది. ఏ ఊరిలో, ఏ ఆసుపత్రిలో అన్నది అప్రస్తుతము. వార్డులోకి తెచ్చునప్పటికి ఆమె మంచము కదలునంతగా వణకుచుండెను. చూచి ఓర్వలేక తోడుగా ఉన్న పెద్దమ్మగారు ఖాళీ సెలైను సీసాలో మరిగిన నీరు పోయించి, గుడ్డ చుట్టి అరికాళ్ళ వద్ద పెట్టినారు. తల్లి ఏమియు అనలేదు. అనుటకు ఆమెకు తెలిసిన గదా! నడుముకు ఇచ్చిన మత్తుసూది వలన రెండు కాళ్ళు మొద్దుబారి యున్నవి. గుడ్డ ఎప్పుడో జారిపోయినది. సాయంత్రము స్పర్శ తిరిగి వచ్చునప్పటికి కుడి అరికాలంతయు బొబ్బ. పొట్ట మీది కోత పది రోజులలో మానినది. కాలు మానుటకు ఆరు వారములు పట్టినది. బిడ్డనెత్తుకొని నడువలేక ఆమె పడిన బాధ మేము చూచినాము. పెద్దమ్మగారిని ఎవరును ఒక్క మాట అనలేదు, అనదగదు. ప్రేమతోనే చేసినారు. ఆ సీసా పెట్టవద్దని ముందుగా చెప్పువారు ఆ వార్డులో లేకపోయినారు. ఇటువంటి కాలినగాయములు ప్రపంచమంతట వైద్య పత్రికలలో నమోదై యున్నవి.

సీసా వలన కలుగు మేలు కూడ స్వల్పమే. మరల లాకుల వద్దకు రండి. మత్తు దిగగానే దేహము మేల్కొని, లోపలి మట్టము పడిపోయినదని గ్రహించి, కాళ్ళకు చేతులకు పోవు తలుపులన్నియు బిగియ దించును. అప్పుడు పాదముల వద్ద ఎంత వేడి పెట్టినను అది లోపలికి సులువుగా చేరదు. శివారు చేనులో కురిసిన వాన ఆనకట్ట మట్టమును పెంచదు గదా. అందుకే చల్లబడిన రోగి ఏ సాయము లేకుండ తిరిగి మామూలు వేడికి వచ్చుటకు రెండు నుండి అయిదు గంటలు పట్టును. నడుముకు మత్తు ఇచ్చినవారిలో మరొక చిక్కు. వారి కాళ్ళ తలుపులు తెరచియే యుండును, క్రింది సగము వణకుటకు కూడ రాదు, పైగా చల్లబడిన సంగతి వారికే సరిగా తెలియదు. "చలి లేదండి" అనుచునే 35కు దిగిపోయినవారు ఉందురు. కనుక అడిగి తెలిసికొనుట చాలదు, కొలువవలెను.

వణకు కేవలము బాధ కాదు. వణకునప్పుడు దేహము వాడు ప్రాణవాయువు రెట్టింపగును, కొందరిలో అంతకు మించును. కుట్లు లాగును, రక్తపు పోటు పెరుగును. గుండె బలహీనముగా ఉన్నవారికి ఇది చిన్న సంగతి కాదు. పెథిడిన్, ట్రమడాల్ వంటి ఇంజక్షనుతో వణకు ఆగును. వణకు ఆగినదని వేడి వచ్చినట్లు కాదు. అన్ని వణకులు చలివే కావని కూడ తెలిసికొనవలెను. జ్వరముతో వచ్చునవి, నొప్పితో వచ్చునవి ఉన్నవి.

వెచ్చబరచు పనిలో నిజమైన మార్పు తెచ్చినది 1987లో అమెరికాలోని మిన్నెసోటాలో స్కాట్ ఆగస్టీన్ అను మత్తు వైద్యుడు తెచ్చిన యంత్రము. దాని పేరు బేర్ హగ్గర్, అనగా ఎలుగుబంటి కౌగిలి. చూచుటకు గొప్పగా ఏమియు ఉండదు. ఒక పెట్టె గాలిని సుమారు 38 నుండి 43 డిగ్రీల వరకు వేడిచేసి, గొట్టము ద్వారా కాగితపు బొంత వంటి దానిలోకి ఊదును. బొంత అడుగున సన్నని రంధ్రములు. వాటి నుండి వెచ్చని గాలి రోగి ఒంటి నిండ పరచుకొనును. ఒకేచోట కాల్చదు, ఎక్కువ చర్మమును తాకును. వియన్నాలో వెచ్చగా ఉంచినవారికి వాడిన పద్ధతులలో ఇదియొకటి. బొంత ఖరీదని, గొట్టమును నేరుగా దుప్పటి క్రింద దూర్చు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అది వేడినీళ్ళ సీసా వంటి ప్రమాదమే, బొబ్బలెక్కును.

అన్నింటికంటె చవకైన ఉపాయము మాత్రము ఆపరేషనుకు ముందే ఉన్నది. లోపలికి తీసికొనిపోక మునుపు అరగంట సేపు రోగి చేతులను, కాళ్ళను వెచ్చబరచినచో, లాకులు తెరచినప్పుడు లోపలి వేడి పరుగెత్తి పోవుటకు చోటుండదు. శివారు చేలు ముందే తడిసియుండును. తరువాత అయిదు గంటలు పోరాడి తెచ్చుకొను వేడిని ముందు అరగంటలో నిలుపుకొనవచ్చును. ఇది యంత్రముతో చేసిన మేలు ఎక్కువ. యంత్రము లేనిచోట కూడ కొంత మన చేతిలో ఉన్నది. ఆపరేషను పూట తలస్నానము చేయించి తడిజుట్టుతో పంపకుండుట, వరండాలో పలుచని గౌనుతో గంటల కొలది కూర్చుండబెట్టకుండుట, పిలుపు వచ్చువరకు దుప్పటి, మేజోళ్ళు ఉంచుట. సన్నగా ఉన్నవారికి, ముసలివారికి, పసివారికి ఇది మరింత ముఖ్యము. లోపలికి పోవుటకు ముందు వేడి ఎంత ఉన్నది అని సిస్టరుగారిని మర్యాదగా అడుగుటలో తప్పు లేదు. ఈ రోజులలో అమలాపురములోనే వైద్య కళాశాల ఉన్నది, అడుగుటకు నది దాటనక్కరలేదు.

పుట్టిన బిడ్డ విషయములో యంత్రము కంటె తల్లి మేలు. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరములో, బిడ్డలను వెచ్చగా ఉంచు పెట్టెలు చాలక, నెలలు నిండని పసికందులను తల్లి రొమ్ముల మధ్య చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచు పద్ధతి మొదలైనది. దానిని నేడు కంగారూ పద్ధతి అని మన ఆసుపత్రులలోను నేర్పుచున్నారు. సిజేరియను అయిన తల్లి ఛాతీ మీద బిడ్డను పెట్టి ఇద్దరిని కలిపి కప్పినచో బిడ్డ వేడి నిలుచును. తల్లి విపరీతముగా వణకుచున్నచో ముందు ఆమెను వెచ్చబరచవలెను.

కాలినవారి సంగతి కూడ ఇచ్చట చేర్చవలెను, ఏలయనగా అది వినుటకు వింతగా ఉండును. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన నగరం గ్రామములో గ్యాసు గొట్టము పేలి ఇరువది మందికి పైగా చనిపోయినారు. గాయపడినవారిని అమలాపురము, కాకినాడ ఆసుపత్రులకు చేర్చినారు. మంటలో కాలినవాడు వేడితో బాధపడునని మనము తలచుదుము. చర్మము పోయిన దేహము వేడిని, నీటిని ఆపుకొనలేదు. అందరికంటె త్వరగా చల్లబడువాడు అతడే. కాలినవారికి ఆపరేషను చేయునప్పుడు గదిని వైద్యులకు ఉక్కపోయునంత వెచ్చగా, 30 డిగ్రీలకు దగ్గరగాను అంతకు మించియు ఉంచుట అందుచేతనే. అనగా మిషను ఆసుపత్రుల పాత ఆపరేషను గది వంటిదే మరల కావలసి వచ్చినది.

చివరిది రక్తము. మన సంఘముల యువకులు రక్తదానమునకు వెనుదీయరు, "మాది వేడి రక్తమండీ" అని హాస్యమాడుదురు కూడ. ఆ రక్తము బ్యాంకులో 2 నుండి 6 డిగ్రీల మధ్య నిలువ యుండును. అట్టి చల్లని సంచి ఒకటి నేరుగా ఎక్కించినచో, పెద్దవాని ఒంటి వేడి సుమారు పావు డిగ్రీ తగ్గును. గది చల్లదనమున్న సెలైను ఒక లీటరు ఎక్కించినను అంతే. రక్తము చాల పోయిన కాన్పులో నాలుగయిదు సంచులు వేగముగా ఎక్కించవలసి వచ్చినప్పుడు, అవి వెచ్చబరచు గొట్టము గుండా పోవలెను. దాత చేతి నుండి వచ్చినప్పుడు అది 37 డిగ్రీలలోనే ఉండెను.